ఐడా దాటాక ఏ గుడ్డ? లుగానా, కాషెల్, మురానో, బెల్ఫాస్ట్, న్యూకాసిల్ మీద కుట్టి చూసిన సంగతులు

తీర్పు ముందే చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. క్రాస్ స్టిచ్‌లో ఐడా అనే గళ్ళ గుడ్డ మీద చెయ్యి తిరిగినవాళ్ళు తర్వాత కొనాల్సింది 32 కౌంట్, అంటే అంగుళానికి 32 పోగులున్న మురానో. లినెన్ మీదే మోజుంటే 28 కౌంట్ కాషెల్‌తో మొదలుపెట్టండి. 40 కౌంట్ న్యూకాసిల్ అందంలో అన్నిటికన్నా మిన్నే గానీ, ముందు మీ కళ్ళతోనూ ఇంట్లో వెలుతురుతోనూ బేరం కుదుర్చుకోవాలి. ఇక 25 కౌంట్ లుగానా సన్నగుడ్డ అనుకుని తెప్పించుకుంటే, విప్పగానే "ఇదేంటి ఇలా ఉంది" అనుకుంటారు. ఎందుకో కింద చెబుతాను.

నేను కాకినాడలో ఆడపిల్లల హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా రోజుల్లో క్రాస్ స్టిచ్ అంటే మ్యాటీ క్లాతు, యాంకర్ దారం, అంతే. టేబుల్ క్లాతులకి కేస్‌మెంట్. ఆ తర్వాత ఐడా వచ్చింది, గళ్ళు గళ్ళుగా స్పష్టంగా ఉంటుంది కాబట్టి పిల్లలకి నేర్పడానికి హాయి. సన్నగుడ్డల రుచి మాత్రం మా అమ్మాయి డల్లాస్ వెళ్ళాకే తెలిసింది. అది వచ్చినప్పుడల్లా చాక్లెట్లు, బాదంపప్పులు తేవద్దని, సూట్‌కేసులో ఆ చోటు నా గుడ్డలకి వదలమని చెప్పేశాను. అక్కడ వీటిని 'ఫ్యాట్ క్వార్టర్' అని 18 అంగుళాలు 27 అంగుళాల ముక్కలుగా అమ్ముతారు. మడతపెడితే కర్చీఫుల కట్టంత ఉంటుంది, బరువే తెలీదు.

కొత్తవాళ్ళు ముందు ఒక లెక్క తెలుసుకోవాలి. ఐడాలో పోగుల్ని గుత్తులుగా కలిపి నేస్తారు, ఒక గడికి ఒక కుట్టు పడుతుంది. 14 కౌంట్ ఐడా అంటే అంగుళానికి 14 కుట్లు. ఈవెన్‌వీవ్ (లుగానా, మురానోలాంటి సమమైన పోగుల నేత), లినెన్ గుడ్డల్లో గడి ఉండదు, పోగులే ఉంటాయి. ఆ పోగుల్ని లెక్కపెట్టి రెండేసి పోగుల మీద కుడతాం. కాబట్టి 28 కౌంట్ లినెన్ మీద పడేదీ అంగుళానికి 14 కుట్లే. కుట్టు సైజు మారలేదు, కింద నేత మారింది. 32 అయితే 16, 36 అయితే 18, 40 అయితే 20. ఈ లెక్కన 25 కౌంట్ లుగానా మీద పడేవి అంగుళానికి పన్నెండున్నర కుట్లు, అంటే 14 కౌంట్ ఐడా కన్నా పెద్దవి! 14 కన్నా 25 పెద్ద అంకె కదా అని కొన్నవాళ్ళు తెల్లబోయేది ఇక్కడే. లుగానాని ఒక్కో పోగు మీద, ఒంటిపాయ దారంతో కుట్టేవాళ్ళు వేరే ఉన్నారు. ఫొటోలాంటి పెద్ద పెద్ద బొమ్మల్ని గుడ్డంతా నింపేసే రకం. అంగుళానికి 25 కుట్లు. వాళ్ళ ఓపికకి దండం. లుగానా నిజంగా పనికొచ్చేది వాళ్ళకే.

పోలిక సరిగ్గా ఉండాలని అన్ని గుడ్డల మీదా ఒకే బొమ్మ కుట్టాను: వెడల్పు 40 కుట్లు, ఎత్తు 56 కుట్లు ఉన్న మామిడిపిందె, లోపల చిన్న పువ్వు, చుట్టూ గీత గీసినట్టు ముదురు ఆకుపచ్చ బ్యాక్ స్టిచ్. లుగానా మీద అది 3.2 అంగుళాల వెడల్పు వచ్చింది, కాషెల్ మీద దాదాపు 2.9, మురానో బెల్ఫాస్ట్‌ల మీద 2.5, న్యూకాసిల్ మీద సరిగ్గా 2. పక్కపక్కన పెడితే ఒకే పిందె ఎండుతూ వస్తున్నట్టుంటుంది. తమాషా ఏమిటంటే, చిన్నదవుతున్న కొద్దీ మెట్లు మెట్లుగా కనబడే అంచులు మాయమై వంపు వంపులాగే కనబడుతుంది. సన్నగుడ్డకి అంత డబ్బు పోయడంలో ఉన్న మొదటి లాభం ఇదే.

రెండోది ముక్కాలు కుట్టు, అంటే క్రాస్‌లో ముప్పాతిక భాగమే వేసేది. పువ్వు రేకుల కొసలు గుండ్రంగా రావాలంటే నమూనాలో అక్కడక్కడా అరకుట్లు, ముక్కాలు కుట్లు వేయమంటారు. ఐడాలో గడి మధ్యలో కన్నం ఉండదు. సూదితో పొడిచి చెయ్యాలి, చేసినా ప్రతిదీ ఒక్కోలా వస్తుంది. రెండు పోగుల మీద కుట్టేటప్పుడు మధ్యలో కన్నం ఎలాగూ ఉంటుంది, సూది దానంతటదే దిగిపోతుంది. నమూనాలో ముక్కాలు కుట్లు ఎక్కువుంటే ఐడా జోలికే వెళ్ళొద్దు. బ్యాక్ స్టిచ్ కూడా అంతే, ఎక్కడ కావాలంటే అక్కడ మలుపు తిరుగుతుంది.

ఇప్పుడు ఒక్కో గుడ్డ సంగతి.

ఇవన్నీ జ్వైగార్ట్ అనే జర్మనీ కంపెనీవి. 1877 నుంచీ ఉన్న కంపెనీ. గుడ్డ అంచులో ఒక నారింజరంగు పోగు నేస్తారు, అదే వాళ్ళ గుర్తు. ముక్కలు కోసి అమ్మేచోట అంచున్న ముక్క అడిగి తీసుకోండి. అసలుదో కాదో తేలిపోతుంది, పడుగు ఎటు పోతోందో కూడా తెలుస్తుంది. కాషెల్, బెల్ఫాస్ట్ ఐర్లండ్ దీవి ఊళ్ళ పేర్లు. నేతేమో జర్మనీది.

లుగానా, మురానో రెండూ పత్తిలో సుమారు సగం విస్కోస్ జాతి నూలు కలిపి నేసినవి. అందుకే పోగు గుండ్రంగా, మొదటి నుంచి చివరిదాకా ఒకే లావులో ఉంటుంది. చేత్తో నిమిరితే ఎక్కడా బుడిపె తగలదు. కొత్తవాళ్ళు భయపడేది సన్నదనానికి కాదు, లెక్క తప్పుతుందేమోనని. ఆ భయానికి మందు ఇలాంటి సమమైన పోగే. నా మాట నమ్మండి, సరైన వెలుతురులో 32 మురానో లెక్కపెట్టడం, పోగులు ఎగుడుదిగుడుగా ఉండే 28 లినెన్ లెక్కపెట్టడం కన్నా తేలిక. కౌంట్ అంకె చూసి కష్టం అంచనా వెయ్యకండి, పోగు చూసి వెయ్యండి. మురానో కాస్త ఒత్తుగా, వంచితే సుతారంగా ఉంటుంది. ఇస్త్రీ పెట్టగానే ముడతలు పోతాయి. రెండు పాయల దారంతో కుడితే కింది గుడ్డ ఎక్కడా తొంగిచూడదు. తప్పు పట్టాలంటే ఒకటే. మరీ నున్నగా, మరీ బుద్ధిమంతురాలిలా ఉంటుంది. పాతకాలం కళ రాదు.

ఆ కళ కావాలంటే లినెన్. కాషెల్ 28, బెల్ఫాస్ట్ 32, ఎడిన్‌బరా 36, న్యూకాసిల్ 40, అన్నీ నూటికి నూరుపాళ్ళు అవిసె నారే. అవిసె నార స్వభావమే అంత: ఒక పోగు లావుగా వస్తుంది, పక్కది సన్నగా, అక్కడక్కడా ఒక ముడిలాంటి బుడిపె. లోపం అనుకునేరు, లినెన్ అందమే అది. యూరప్‌లో పాతకాలపు ఆడపిల్లలు అక్షరాలు, అంచులు నేర్చుకుంటూ కుట్టిన నమూనా గుడ్డలు చాలావరకు లినెన్ మీదవే. కుట్టకుండా వదిలేసిన చోటు కూడా చూడబుద్ధేస్తుంది, అదీ లినెన్ గొప్ప. ఖాళీ వదలకుండా గుడ్డంతా నింపేసే బొమ్మకి లినెన్ కొనడం డబ్బు దండగ, ఆ గుడ్డ కనబడనే కనబడదు.

లినెన్ మీద మొదటి కుట్టు ఎక్కడ వెయ్యాలో ఒక పద్ధతుంది, దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. భూతద్దం కింద గుడ్డ పెట్టి చూడండి. మామూలు నేతలో నిలువు పోగు ఒకచోట అడ్డపోగు మీదుగా పోతుంది, పక్కచోట కిందుగా పోతుంది, ఇలా ఒకటి విడిచి ఒకటి. మీరు సూది పైకి తీసే కన్నానికి ఆనుకుని, కుడిపక్కన నిలువు పోగు పైకి తేలి కనబడే చోటు వెతుక్కోండి. అక్కడే మొదటి కుట్టు. ఆ నిలువు పోగు దారాన్ని ఆపుతుంది కాబట్టి కుట్టు కాలు పోగు కిందికి జారిపోదు. అంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. రెండేసి పోగులు జరుగుతూ పోతాం కనక ప్రతి కుట్టూ అలాంటి చోటే మొదలవ్వాలి. ఎప్పుడైనా సూది పైకి తీసి చూస్తే కన్నం పక్కన అడ్డపోగు పైకి తేలి ఉందంటే, ఒక పోగు తప్పినట్టే. పది వరసలు కుట్టాక విప్పుకుంటూ ఏడవక్కర్లేదు, అక్కడికక్కడే దొరికిపోతుంది. ఇది అలవాటైన మర్నాటి నుంచి లినెన్ భయం పోతుంది.

లినెన్‌కి ఇంకో సుఖం, చేతిలో పట్టుకుని కుట్టొచ్చు. ఐడా అట్టలా ఉంటుంది, సూది కిందికి పొడవడం ఒకసారి, పైకి తీయడం ఒకసారి. మెత్తటి లినెన్‌లో ఇక్కడ దించి అక్కడ తేలేలా ఒకే ఊపులో కుట్టెయ్యొచ్చు. అయితే దారం గట్టిగా లాగకూడదు. లాగితే కన్నాలు తెరుచుకుని జాలీ పనిలా తయారవుతుంది. లాగే చెయ్యి ఉన్నవాళ్ళు రింగులో బిగించుకునే కుట్టండి, రాత్రి పడుకునే ముందు రింగు విప్పడం మర్చిపోకండి. లినెన్ మీద రింగు మరక పడితే తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టినా మొండికేస్తుంది.

మా ఊరి సంగతి వేరే చెప్పాలి. సముద్రపు గాలికి, ఆ ఉక్కకి లినెన్ డీలా పడిపోతుంది. చెమట చేతుల కింద మరీనూ. నేను పల్చటి గంజి తగిలించి ఇస్త్రీ చేసి కుడతాను, కన్నాలు నిటారుగా నిలబడతాయి. చీరలకి పెట్టినంత వద్దు, నీళ్ళలా ఉండాలి. కుట్టడం పూర్తయ్యాక మాత్రం ఆ గంజి పూర్తిగా వదిలేలా ఉతకాలి. గంజి వాసనకి బీరువాలో వెండిపురుగు చేరుతుంది.

అంచుల పోగులు ఊడడం ఈ గుడ్డలన్నిటికీ ఉన్న రోగమే, సన్నవాటికి ఇంకా ఎక్కువ. అమెరికావాళ్ళు జిగురు పూస్తారట. మనకెందుకు, వీధికో ఫాల్స్-పీకో కొట్టు ఉండగా! మా సందు చివర అబ్బాయికి మొదటిసారి న్యూకాసిల్ ముక్క ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "టీచరుగారూ, ఇంతకీ ఇది చీరా, పాలు వడగట్టేదా?" అన్నాడు. నాలుగు పక్కలా పీకో కొట్టి ఇచ్చాడు, చీరకి తీసుకునేదాంట్లో పావు వంతు కూడా తీసుకోలేదు. ఒక్క జాగ్రత్త: గుడ్డ సాగేలా లాగి కొట్టొద్దని ముందే చెప్పండి, అంచు అలలు తిరిగితే లోపలి పోగులు కూడా వంకర పోతాయి.

న్యూకాసిల్ దగ్గరికి వచ్చాం కాబట్టి అదీ చెప్పేస్తాను. అంగుళానికి 40 పోగులు. పట్టుకుంటే మంచి మల్లు పంచెలా ఉంటుంది. రెండు పాయలతో కుడితే కుట్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉబ్బెత్తుగా వస్తాయి, నాకు నచ్చలేదు. ఒంటిపాయతో కుడితే కింది గుడ్డ లీలగా కనబడుతూ, నీళ్ళ రంగులు వేసినట్టుంది. మామిడిపిందె లోపలి పువ్వు ఒంటిపాయతో చూసి మా ఆయన, ఏనాడూ నా కుట్టు గురించి నోరు విప్పని మనిషి, కళ్ళజోడు సరిచేసుకుని "ఇది నువ్వే కుట్టావా, ప్రింటా?" అన్నారు. పొగడ్తగానే తీసుకున్నాను. ఒంటిపాయకి మొదట్లో లూప్ వేసి బిగించడం కుదరదు, దానికి రెండు పాయలుండాలి. దారం కొసని ఒక పోగు మీద చిన్న గుచ్చుకుట్టుతో బిగించి, దానిమీదే క్రాస్ వేసెయ్యాలి.

వెలుతురు లేకుండా న్యూకాసిల్ మొదలుపెట్టకండి. కిటికీ పక్కన పగటివెలుగు ఉత్తమం. రాత్రయితే తెల్ల వెలుగు ఎల్ఈడీ దీపం, కుడిచేతివాళ్ళకి ఎడమపక్క నుంచి పడాలి, లేకపోతే సొంత చేతినీడే పోగుల్ని మింగేస్తుంది. ఇంకో చిట్కా, పైసా ఖర్చు లేనిది: తెల్లగుడ్డ కుట్టేటప్పుడు ముదురు రంగు చీర కట్టుకుని కూర్చోండి, కన్నాలు నల్లగా తేలతాయి. నల్లగుడ్డకయితే ఒళ్ళో తెల్ల తువ్వాలు. బైఫోకల్ కళ్ళజోడుతో నాకు 32 దాకా ఏ సాయమూ అక్కర్లేదు. 40కి మాత్రం మెడలో వేసుకునే భూతద్దం కావాలి, గంట దాటితే మెడ పట్టేస్తుంది.

సూది గురించి రెండు ముక్కలు. మొన మొద్దుగా ఉండే టాపెస్ట్రీ సూదే వాడాలి, మొన ఉన్నది పోగుల్ని చీలుస్తుంది. ఐడా 14కి 24 నంబరు, 28, 32 గుడ్డలకి 26, న్యూకాసిల్‌కి 28. నంబరు పెరిగితే సూది సన్నం. లావు సూదితో సన్నగుడ్డ కుడితే కన్నాలు పెద్దవై మళ్ళీ మూసుకోవు.

"ఇక్కడే దొరికే లినెన్ వాడుకోకూడదా, అక్కడి నుంచి ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. షర్టుల లినెన్ మీద కుట్టి చూశాను. కొట్లో '60 లీ' అంటే అది నూలు సన్నదనం లెక్క, అంగుళానికి పోగుల లెక్క కాదు. పొందూరు ఖద్దరు 100 కౌంటు అన్నా అదే సంగతి. పొందూరు పంచె కట్టుకోడానికి దైవం, లెక్కకుట్టుకి మాత్రం పోగులు మరీ దగ్గర, చేతి వడుకు కాబట్టి ఒకదానితో ఒకటి పోలవు. ఏ గుడ్డయినా కొనే ముందు స్కేలు పెట్టి నిలువున ఒక అంగుళం, అడ్డంగా ఒక అంగుళం పోగులు లెక్కపెట్టండి. రెండు అంకెలూ ఒకటే అయితే పనికొస్తుంది. నిలువు 44, అడ్డం 38 వచ్చిందంటే మీ గుండ్రటి సున్నా కోడిగుడ్డై కూర్చుంటుంది. ధార్వాడ్ వైపు కసూతీ కుట్టే ఆడవాళ్ళు ఇవేవీ లేకుండా మామూలు చీర మీదే పోగులు లెక్కపెట్టి కుడతారు, అందులో 'మెంతి' అనేది మన క్రాస్ స్టిచ్చే. వాళ్ళ కళ్ళు వేరు, నాకు స్కేలు కావాలి.

ఆన్‌లైన్లో '28 కౌంట్ లినెన్' అని ఒకచోట తెప్పించాను, పేరెందుకులెండి. విప్పితే అంచు లేదు, ఒక పక్క 30 పోగులు, ఇంకో పక్క 26. అనుమానం వచ్చి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించాను. లినెన్ అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది, ఇది కరిగి చివర గట్టి పూసలా ముద్ద కట్టింది. పాలిస్టర్ కలిసిందన్నమాట. వాపసు తీసుకోలేదు. ఇప్పుడది మా ఇంట్లో మిక్సీ మీద కప్పే గుడ్డ.

కొనేటప్పుడు ఎంత ముక్క కావాలో లెక్క వేసుకోవడం తేలికే: నమూనాలో కుట్ల సంఖ్యని అంగుళానికి పడే కుట్లతో భాగించి, ఫ్రేము కట్టడానికి ప్రతి పక్కా 3 అంగుళాలు వదలాలి. 140 కుట్ల వెడల్పు, 180 కుట్ల ఎత్తు ఉన్న బొమ్మ 28 మీద 10 అంగుళాలు, ఎత్తు దాదాపు 13. గుడ్డ 16 అంగుళాలు 19 అంగుళాలు కావాలి. అదే 40 మీద 7 అంగుళాలు 9 అంగుళాలే, 13 ఇంటూ 15 ముక్క సరిపోతుంది. గుడ్డ ఖరీదెక్కువైనా ముక్క చిన్నదవుతుంది కాబట్టి ఆఖర్న తేడా అనుకున్నంత ఉండదు.

ఉతకడం, ఇస్త్రీ: గోరువెచ్చని నీళ్ళు, కొంచెం షాంపూ, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కాలి, తడి ఆరకముందే బోర్లా వేసి ఇస్త్రీ. ఎరుపు, నలుపు దారాలుంటే ముందు చిన్న ముక్క తడిపి చూసుకోండి. ఇంతకుమించి ఏమీ లేదు.

మొన్న నా పాత విద్యార్థిని, ఇప్పుడు రాజమండ్రిలో ఉంటుంది, ఫోన్ చేసింది. "టీచర్, మా ఆడపడుచు న్యూజెర్సీ నుంచి వస్తోంది, ఏం తెమ్మనమంటారు? నాకు 40 మీద మనసుంది." పిల్లకి నలభై దాటాయి, ఇంకా అద్దాలు రాలేదట, రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాకే కుడుతుందట. "రాత్రి కుట్టే మనిషికి 40 వద్దు" అన్నాను. "32 మురానో ఒకటి, తెలుపు కాకుండా లేత గోధుమ రంగులో. ఎలా ఉంటుందో చూడ్డానికి బెల్ఫాస్ట్ చిన్న ముక్క ఒకటి. 26 నంబరు సూదులు రెండు ప్యాకెట్లు కూడా అదే పెట్టెలో వేసుకోమను. మా ఊరి కొట్లో 24 దాటి దొరకట్లేదు, ఒక ప్యాకెట్ నాకు పంపు."